ఎవరోళ్లు మీరు?

ఈ పూట పట్టాలు అందుకుంటున్న మీకు, వెనక వరుసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకు అభినందనలు.

రేపటి నుంచి మీలో కొందరు బెంగళూరు, కొందరు హైదరాబాదు వెళ్తారు. ఎక్కడికి వెళ్లినా మనవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఏ ఊరు, ఎవరోళ్లు మీరు? దానికి చెప్పుకోవడానికి మన దగ్గర ప్రతి కులానికీ ఒక మూలకథ ఉంది. ఇప్పుడా కథలు ఫోన్లలో పడి దేశాలు దాటుతున్నాయి. హర్యానా, పంజాబు జాట్లకూ, టర్కీ, ఇరాక్, ఇరాన్ కొండల్లోని కుర్దులకూ పూర్వీకులు ఒకరేనన్న వాదం అలాంటిదే. గోత్రాల పేర్లూ తెగల పేర్లూ పక్కపక్కన పెట్టి, కలిశాయి చూడండి అంటారు.

పేర్లతోనే పని జరిగిపోతే మనమూ ఒకటి అల్లవచ్చు. కుర్దులు గొర్రెల కాపరులుగా పేరున్నవాళ్లు. మన హిందూపురం, పెనుకొండ పల్లెల్లో కురుబలూ అంతే. కుర్దు, కురుబ! సాయంత్రానికి వీడియో తయారు. కానీ అందులో సరుకు లేదు. ఊళ్ల పేర్లే చూడండి: వాసవీ కన్యక కథ జరిగిన పెనుగొండ పశ్చిమ గోదావరిలో ఉంది, మన పెనుకొండ ఇక్కడ రాయలసీమలో ఉంది. ఒక్క అక్షరం తేడాకే ఇప్పటికీ తికమకపడేవాళ్లున్నారు. అంచు రంగు కలిసిందని రెండు చీరలు ఒకే మగ్గం మీద నేసినవని ధర్మవరంలో ఎవరూ నమ్మరు, తిరగేసి చూస్తారు.

జాట్ల సంగతి తిరగేసి చూద్దాం. కర్నల్ టాడ్ అనే ఆంగ్లేయ అధికారి 1829లో అచ్చయిన రాజస్థాన్ చరిత్రలో జాట్లను మధ్యాసియా శకులతో ముడిపెట్టాడు. ఆధారం? ఎక్కువగా పేరు పోలికే. అరబ్బు చరిత్రకారుల రాతల్లో మాత్రం గట్టి సమాచారం ఉంది. సింధు ప్రాంతం నుంచి వెళ్లిన జాట్లను వాళ్లు 'జుత్' అన్నారు. వీళ్లు దక్షిణ ఇరాక్ చిత్తడి నేలల్లో గేదెలు కాచుకుంటూ బతికారు, బాగ్దాదు ఖలీఫా మీద తిరగబడ్డారు. 834లో ఖలీఫా ముతసిమ్ సేనలు వాళ్లను లొంగదీసి, చాలామందిని బైజాంటైన్ సరిహద్దుకు తరలించాయి. అంటే చరిత్రలో రుజువున్న ప్రయాణం ఇక్కణ్ణుంచి అటు. అక్కణ్ణుంచి ఇటు వచ్చారనడానికి అలాంటి రుజువు లేదు.

భాష కొంత నమ్మదగిన సాక్షి. కుర్దిష్ ఇరానీ శాఖది, హర్యాన్వీ, పంజాబీ ఇండో ఆర్య శాఖవి. వెనక్కి వెళ్తే రెండూ ఒకే కుటుంబం. సంస్కృతంలో 'స' ఉన్నచోట ఇరానీ భాషల్లో తరచు 'హ' వస్తుంది. సప్త అక్కడ హఫ్త అయింది. మన రౌడీల 'హఫ్తా' ఆ దారినే వచ్చింది! ఒక మాట కలవడం గొప్ప కాదు. వందల మాటలు ఒకే సూత్రానికి లోబడితే అది బంధుత్వం. కానీ అది వేల ఏళ్ల కిందటి భాషల బంధుత్వం. జాట్లకీ కుర్దులకీ ప్రత్యేకించి రాసిచ్చిన ఆస్తి కాదు.

ఇలాంటి సాక్ష్యం మన పక్క తండాల్లోనే ఉంది. సుగాలీలు తమ పెద్దలు రాజస్థాన్ వైపు నుంచి వచ్చారంటారు. నేను ఈ మాట నమ్ముతాను, ఎందుకంటే ఇంట్లో వాళ్ల లెక్క తీన్, చార్, పాంచ్ అని సాగుతుంది. వాళ్ల మాట గోర్‌బోలి రాజస్థానీ భాషలకు దగ్గరి చుట్టం. వాళ్లు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కనుకు వచ్చిన సైన్యాల వెంట నడిచారు. రైలు వచ్చాక ఆ బేరం పోయింది. నేరస్త జాతుల చట్టం పేరుతో బ్రిటిషువాళ్లు వాళ్లమీద దొంగలన్న ముద్ర వేశారు. ఇక్కడికి వచ్చినవాళ్లు ఇక్కడివాళ్లే అయ్యారు కూడా: వాళ్లు కొలిచే సేవాలాల్ మహారాజ్ పుట్టింది మన గుత్తి దగ్గరి సేవాగఢ్‌లోనే అంటారు.

పెనుకొండ దర్గా బాబయ్య సంగతి వేరు. ఈ బాబా ఫక్రుద్దీన్ సీస్తాన్ రాజ్యం వదిలేసి వచ్చాడని కథ. సీస్తాన్ అంటే నేటి ఇరాన్, అఫ్గానిస్తాన్ సరిహద్దు. తిరుచిరాపల్లి నత్తర్ వలీ ఆయన గురువు. ఆ గురువు ఇచ్చిన పుల్ల పెనుకొండలో చిగురించిందని ఇక్కడే ఆగిపోయాడట. ఆయన్ను తమవాడుగా కొలిచే దూదేకులవాళ్లు తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కథ ప్రకారం అటునుంచి వచ్చింది ఒక గురువు. వంశం రాలేదు. గురుపరంపర వేరు, రక్తపరంపర వేరు. ఈ రెండూ కలిపేస్తేనే సగం మూలకథలు పుడతాయి.

పెనుకొండలోనే కియా ఫ్యాక్టరీలో కొరియావాళ్లున్నారు. వాళ్ల దేశంలో గిమ్‌హే కిమ్ వంశం వాళ్లు తమ ఆదిమాత అయుత నుంచి ఓడలో వచ్చిన రాకుమారి అని చెప్పుకుంటారు. ఆ కథ 13వ శతాబ్దపు 'సామ్‌గుక్ యూసా'లో ఉంది. ఆ అయుతే అయోధ్య అని అయోధ్యలో స్మారకం కట్టారు. కథ జరిగిందని చెప్పే కాలం క్రీ.శ. 48. మధ్యలో పన్నెండు వందల ఏళ్ల దూరం. నాకైతే అది చరిత్ర కాదు, ఒక వంశం ముచ్చట.

ఇక రక్తం. 2009లో హైదరాబాదు సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి మన జనసమూహాల జన్యువులు పరిశీలించారు. దాదాపు అందరిలోనూ రెండు పురాతన ధారలు కలిశాయని తేలింది. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్యకాలంలో ఆ కలయిక జోరుగా సాగి, తర్వాత కులం లోపలి పెళ్లిళ్లతో ఆగిందని 2013 నాటి పరిశోధన. ప్రాచీన ఇరాన్ జనం నుంచి వ్యవసాయం పుట్టకముందే విడిపోయిన ఒక పాయ ఉత్తరాదివాళ్లలోనూ ఉంది, మనలోనూ ఉంది. ఆ లెక్కన కుర్దులతో దూరపు చుట్టరికం జాట్లకే కాదు, ఈ హాల్లో కూర్చున్న మనందరికీ ఉంది.

ఈ జన్యు విద్యకు వంశగర్వం కన్నా పెద్ద ఉపయోగం ఇంకొకటుంది. ఆర్యవైశ్యుల్లో వంద తరాలకు పైగా బయటి సంబంధాలు చాలా తక్కువని ఆ పరిశోధనల్లోనే తేలింది. వాళ్లలో కొందరికి ఒక ఎంజైము లోపం వస్తుంది. ఆపరేషనుకు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం నిమిషాల్లో పోవలసింది వాళ్లకు గంటలు ఉండిపోతుంది. మీ ఇంట్లో ఎవరికైనా మత్తు దిగడానికి చాలాసేపు పట్టిందని విని ఉంటే, ఆపరేషను బల్ల ఎక్కే ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. తండాలో గోర్‌బోలి మాట్లాడే నానమ్మ ఉన్నవాళ్లు, కురుబ పెద్దల నోట వాళ్ల దేవుడు బీరప్ప కథ విన్నవాళ్లు, మగ్గం దగ్గర తాత చెప్పే వలస సంగతులు తెలిసినవాళ్లు, ఊరు విడిచే ముందు ఒక మధ్యాహ్నం ఫోను పెట్టి అవి రికార్డు చేయండి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ కింద రాసి ఒక ప్రతి మీ కళాశాల లైబ్రరీకి ఇవ్వండి.