మన కబురుకు చిరునామా వ్రాద్దాం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వెబ్‌సైటు పని చూసేవాణ్ణి గనుక దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ముందుగా నా తప్పొకటి మీ అందరి ఎదుట ఒప్పుకోవాలి.

స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపి పెట్టడానికి మనం ఏటా మదనపల్లెలో ఒక శిబిరం పెడుతున్నాం. గోడకంటించిన పోస్టరును ఫోటో తీసి వెబ్‌సైటులో పెట్టడం నా అలవాటు. పోస్టరుమీద ఏముంటుంది? “వచ్చే ఆదివారం, ఉదయం 10 గంటలకు, మన హాలులో.” అంతే. ఏ ఆదివారం? ఏ సంవత్సరం? ఎవరి హాలు? గోడ దగ్గర నిలబడి చదివేవాడికి ఇవన్నీ తెలుసు. దూరాన ఉన్నవాడికెట్లా తెలుస్తాయి?

ఒక ఆదివారం పుంగనూరు నుంచి ఒక ముసలాయన మనుమరాలిని వెంటబెట్టుకుని బస్సులో వచ్చాడు. హాలుకు తాళం వేసి ఉంది. శిబిరం ముందు వారమే అయిపోయింది. ఆ పిల్ల ఫోనులో వెతికితే అంతకు ముందేటి పోస్టరు ముందు వచ్చిందట. నేను పోయేసరికి ఆయన మెట్లమీద కూర్చొని ఉన్నాడు. “బేటా, వచ్చే ఆదివారమనే ఉండింది. ఏ తేదీ అని రాసేదానికి ఏం పోయింది మీకు?” అన్నాడు. “తప్పయిపోయింది చాచా” అన్నాను. ఇంకేమనగలను? దరఖాస్తుల గడువు అప్పటికే దాటిపోయింది. ఆ ఏడు ఆ సాయం ఆ పిల్లకు అందలేదు. అమ్మాయి ఒక్క మాటా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

ఆనాటి నుంచి దీన్ని గురించి చదివి తెలుసుకున్నదే మీకు చెప్తున్నాను.

ఫోనులో మనం వెతికినప్పుడు జవాబు తెచ్చేది ఒక యంత్రం. అది లోకంలోని ఎన్నో పేజీలను తిరిగి చూసి పెట్టుకుంటుంది. కాని మనిషిలాగా అర్థం చేసుకోలేదు. “10” అని ఉంటే అది గంటా, తేదీయా, రూపాయలా అని ఊహించాలి. “3-4” అని ఉంటే మనకు ఏప్రిల్ 3, అమెరికావాడికి మార్చి 4. ఊహ తప్పితే మన కబురు దారి తప్పినట్టే.

పెద్దలకు ఉత్తరాల సంగతి గుర్తుండే ఉంటుంది. ఒకే పేరుతో ఎన్నో ఊళ్లు, చిరునామా రకరకాల భాషల్లో. ఏ సంచిలో వేయాలో సార్టింగు గుమాస్తా ఊహించుకోవాల్సి వచ్చేది. 1972 ఆగస్టు 15న పిన్ కోడు వచ్చింది. ఆరు అంకెలు. మొదటిది ప్రాంతం, మొదటి మూడూ కలిపితే సార్టింగు జిల్లా, చివరి మూడు పోస్టాఫీసు. ఉత్తరంలోని విషయం మారలేదు. కవరుమీద అందరూ ఒప్పుకొన్న గుర్తు ఒకటి చేరింది, అంతే.

వెబ్‌సైటుకు కూడా అటువంటి గుర్తులే ఉన్నాయి. వాటిని స్ట్రక్చర్డ్ డేటా అంటారు. 2011 జూన్‌లో గూగుల్, మైక్రోసాఫ్టువారి బింగ్, యాహూ సంస్థలు, ఒకదానితో ఒకటి పోటీపడేవే అయినా, ఒకచోట చేరి ఈ గుర్తులకు స్కీమా డాట్ ఆర్గ్ అనే ఉమ్మడి పట్టిక తయారుచేశాయి. ఆ పనికి ముందు నిలిచినవారిలో మన ఐఐటీ మద్రాసులో చదివిన రామనాథన్ గుహ ఒకరు.

ఆ పట్టికలో సంఘానికి, బడికి, లైబ్రరీకి, గుడికి, మసీదుకు వేర్వేరు గుర్తులున్నాయి. శిబిరమైతే “ఈవెంట్” అని వ్రాసి, దాని కింద పేరు, మొదలయ్యే తేదీ, చోటు, నడిపేవారు అని ఒక్కొక్కటే నింపాలి. తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. ఇక తికమకకు తావు లేదు. వాయిదా పడితే పడిందని, రద్దయితే అయిందని చెప్పడానికీ గుర్తులున్నాయి. ఇదంతా జేసన్-ఎల్‌డీ అనే పద్ధతిలో పేజీ వెనుక ఉంటుంది. చదివేవారికి కనబడదు, యంత్రానికి కనబడుతుంది.

మన ప్రాంతానికి ఇది మరీ అవసరం. గుర్రంకొండ పేరునే ఇంగ్లీషు అక్షరాలలో ఒక్కొక్కరు ఒక్కో విధంగా వ్రాస్తారు. టిప్పు సుల్తాన్ మేనమామ మీర్ రజా అలీఖాన్ మక్బరా చూడవచ్చేవారు ఏ స్పెల్లింగుతో వెతుకుతారో ఎవరికి తెలుసు? అందుకే “ఇంకో పేరు” అనే గడి ఉంది. 2022 ఏప్రిల్ 4న గుర్రంకొండ, మదనపల్లె చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాలోకి వచ్చాయి. మన పాత పేజీలలో మాత్రం చిత్తూరు జిల్లా అనే ఉండిపోయింది. కుప్పం వైపు తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడం నాలుగూ వినబడతాయి. పేజీ ఏ భాషలో ఉందో చెప్పడానికి కూడా ఒక గుర్తు ఉంది.

అయితే ఇది మంత్రమేమీ కాదు. గుర్తు పెట్టినంత మాత్రాన మన పేజీ అందరికంటె పైన వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. గూగుల్‌వారే ఆ మాట చెప్తారు. పేజీలో లేనిదాన్ని గుర్తులలో వ్రాస్తే మోసంగా భావించి వాళ్లు చర్య కూడా తీసుకుంటారు. కవరుమీద చిరునామా ఎంత బాగున్నా లోపల ఉత్తరం ఉండాలి కదా! మొదట పేజీలో విషయం అక్షరాలలో స్పష్టంగా ఉండాలి. ఫోటోలో కాదు. ఆ తర్వాతే గుర్తులు. వ్రాసినది సరిగా ఉందో లేదో చూసుకోవడానికి రిచ్ రిజల్ట్స్ టెస్ట్ అనే పరీక్ష ఉచితంగా దొరుకుతుంది. మన పిల్లలు ఎవరైనా ఒక పూటలో నేర్చుకోగలరు.

కనుక సభ్యులకు మూడు మనవులు. ఏ కార్యక్రమమైనా పోస్టరు ఒక్కటే పంపకండి. పేరు, తేదీ సంవత్సరంతో సహా, హాలు పేరు, వీధి, ఊరు వ్రాసి పంపండి. మార్పు వస్తే ఆ రోజే చెప్పండి. సాయం పొందిన పిల్లల పేర్లు, ఫోను నంబర్లు మాత్రం పంపవద్దు. లోకానికి తెలియవలసింది మన శిబిరం గాని వారి కష్టం కాదు.

ఈ ఏటి శిబిరం పేజీ ఈ పద్ధతిలోనే వ్రాశాను. పాత పోస్టర్లన్నిటి పైనా “ఇది ముగిసింది” అని పెట్టాను. తర్వాత పుంగనూరు పోయి ఆ ముసలాయనకు నా ఫోనులో చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని తేదీ, సంవత్సరం రెండుసార్లు పైకి చదివి, “ఇప్పుడు సరే బేటా” అన్నాడు.