ఏలూరు రత్నకంబళి



జంషెడ్‌పూరు వంటి ఉక్కు నగరమున తివాచీలను గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని పుట్టిన ఊరు విడిచి వచ్చి, దూరదేశమున ఒక పనిని తమదిగా చేసికొనిన కుటుంబములు ఈ సభలో పెక్కు కలవు. ఏలూరు తివాచీ కథయు అట్టిదే.

1679వ సంవత్సరమున, చెన్నపట్టణపు కోటలో ఈస్టిండియా కంపెనీ వ్యవహారములకు అధిపతిగా నుండిన స్ట్రేన్‌షాం మాస్టరు ఏలూరునకు వచ్చెను. పారసీక దేశపు తీరున మేలైన తివాచీలను అచ్చట నేయుచున్నారనియు, నేయువారి పూర్వులు నూఱేండ్లకు ముందే పారసీకమునుండి వచ్చిరని వారే చెప్పిరనియు తన దినచర్యలో వ్రాసికొనెను.

నేత తీరును గూడ ఆయన శ్రద్ధగా వర్ణించెను. మగ్గము నిలువుగా నుండును. పడుగు నూలుది, దానిపై అల్లునది రంగురంగుల ఉన్ని. పని చేయువారు 8 మొదలు 12 ఏండ్ల బాలురు. ఒక పెద్దవాడు కాగితముపై గీసిన నమూనా పట్టుకొని తివాచీ వెనుక నిలిచి, ఏ రంగు ఉన్ని ఎంత వేయవలెనో చెప్పుచుండును. ఒక వరుస పూర్తి కాగానే కత్తెరతో కొసలు కత్తిరించి, తరువాతి వరుసకు పోవుదురు. పువ్వు కాగితముమీద నున్నది. ఆ కాగితము బాలుని చేత లేదు. వానికి అందునది రంగు పేరు, లెక్క మాత్రమే.

చిన్నవ్రేళ్ళకు సన్నని ముడులు చక్కగా పడునని పూర్వము మెచ్చుకొనువారు కలరు. అంత తేలికగా మెచ్చుకొనదగిన సంగతి కాదది. 1986 నాటి బాలకార్మిక చట్టము పిల్లలచేత చేయింపరాని పనులలో తివాచీ నేతను చేర్చినది.

1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనమున ఓరుగల్లు తివాచీలను ఉంచిరి. ముప్పదియేండ్లైనను గడవకమునుపే, 1880లో, జార్జి బర్డ్‌వుడ్ అను పండితుడు భారతీయ శిల్పములపై వ్రాసిన గ్రంథమున మచిలీపట్టణపు తివాచీల పతనమును గూర్చి వాపోయెను. ఒకప్పుడు దేశమున శ్రేష్ఠమైనవానిలో ఎన్నదగిన ఆ తివాచీలకు ఇంగ్లండు వర్తకులే చవుకసరకు అంటగట్టిరనియు, అడుగున సీమ పురికొసయే కనబడుచున్నదనియు ఆయన ఆరోపణ. ఈ మాట ఒక ఆంగ్లేయుడే అనుట గమనింపదగినది. నేతగాడు పని మఱచెనని నిందించువారు మొదట కొనువాని బేరమును చూడవలెను.

2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు జంపఖానా వేఱు. దానికి ముడులును లేవు, నూగును లేదు. ముడి తివాచీ కొనబోవువారు దానిని ముందుగా తిరగవేసి చూడవలెను. చేతిపనియైనచో పైనున్న పువ్వు అడుగునను స్పష్టముగా కనబడును, ముడులు వేలికి తగులును. అడుగున గుడ్డ అంటించియుండి పువ్వు కనబడనిచో, అమ్మువాడు ఏమి చెప్పినను, అది ముడివేసిన తివాచీ యని నమ్మి ధర చెల్లింపరాదు.