తానీషా అని ఎవరు పిలిచారు?

(సంఘం వార్షికోత్సవంలో, విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు పంచిన సభలో చేసిన ప్రసంగం)

ఏటా ఈ వేదిక మీద దానం గురించి మాట్లాడతారు. ఆ సంగతి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు. నేను పేర్ల గురించి మాట్లాడతాను. తల్లిదండ్రులు పెట్టిన పేర్లు కాదు, జనం పెట్టే పేర్లు.

మన ఊరినే తీసుకోండి. హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన ఇంగ్లీషు సైన్యం విడిది చేసిన చోటికి 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. సికందర్ జా అన్నది కూడా బిరుదే, ఆయన అసలు పేరు మీర్ అక్బర్ అలీ ఖాన్. అంత దర్జాగా పెట్టిన పేరు ఉండగానే, సైన్యం ఉన్న చోటు గనక జనం లష్కర్ అన్నారు. ఇప్పటికీ మహంకాళి జాతర లష్కర్ బోనాలే కదా!

నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోయాడు. ఆ పేరు నోరు తిరగక హిందువులు మూసారాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. మూసారాంబాగ్ అలా మిగిలింది. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగంను ఊరంతా ‘మా సాహెబా’ అంది. మాసాబ్ ట్యాంక్ అని బస్సు కండక్టరు అరిచినప్పుడల్లా మనం ఆ తల్లినే తలుచుకుంటున్నాం. చెరువు పోయింది, పేరు ఉంది.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ గురించి. ఆయన గద్దె మీద పుట్టి పెరిగినవాడు కాదు. వయసులో చాలా ఏళ్ళు సూఫీ గురువు షా రాజూ ఖత్తాల్ దగ్గర ఫకీరులా గడిపాడు. తానా షా అన్న ముద్దుపేరు ఆ గురువు నోటి నుంచే వచ్చిందని చెబుతారు. అబ్దుల్లా కుతుబ్‌షా కూతుర్ని పెళ్ళాడి, 1672లో సుల్తాను అయ్యాడు. మాదన్నను ప్రధానిగా పెట్టుకున్నాడు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. చివరికి లోపలివాడొకడు డబ్బుకు అమ్ముడుపోయి తలుపు తీశాడు. మొగలు సేనానులు ఎదుటికి వస్తే అబుల్ హసన్ తొణక్కుండా వాళ్ళతో మాట్లాడి, తన భోజనం తాను ముగించి బయలుదేరాడని ఆనాటి చరిత్రకారులే రాశారు. దౌలతాబాదు కోటలో బందీగా ఉండి 1699లో కన్నుమూశాడు.

ఇప్పుడు ఇంటికెళ్ళి హిందీ వార్తలు పెట్టండి. నియంత అని తిట్టాలంటే ‘తానాషా’ అంటారు. నియంతృత్వానికి ‘తానాషాహీ’ తప్ప వేరే మాటే లేనట్టు వాడతారు. ఆ మాట మొదట్లో అతి సుకుమారుడికి, మనసు పడ్డదే కావాలనేవాడికి వాడేవారట. పోనుపోను ఇలా తిరిగింది. గెలిచినవాళ్ళ కొలువులో రాసిన చరిత్రలు ఆయన్ని విలాసపురుషుడిగానే చూపించాయి మరి.

అదే పేరు తెలుగు నోట్లో పడి తానీషా అయింది. కంచర్ల గోపన్నను చెరసాలలో పెట్టింది ఆయన పాలనే. ఆ కథ చెప్పుకునే తెలుగువాళ్ళు ఆయన్ని తిట్టాలి నిజానికి. కానీ రామలక్ష్మణులు వచ్చి పైకం చెల్లించారనీ, వాళ్ళ దర్శనం రామదాసుకు కాక తానీషాకు దొరికిందనీ చెప్పుకున్నారు. ఏటా శ్రీరామనవమికి భద్రాచలానికి ప్రభుత్వం పంపే ముత్యాల తలంబ్రాలు తానీషా నాటి ఆచారమనే అంటారు. రామదాసు చెర పన్నెండేళ్ళంటారు. తానీషా చెర కూడా లెక్కవేస్తే పన్నెండేళ్ళే! ఒక్క మనిషి, ఒక్క పేరు. ఢిల్లీ వైపు తిట్టు, భద్రాచలంలో గౌరవం.

మన దీన్‌లో కూడా పేరు చిన్న విషయం కాదు. మసీదు నేల మీద పడుకుని ఒళ్ళంతా దుమ్ము అంటుకున్న హజ్రత్ అలీని ప్రవక్త (స) తన చేత్తో దులుపుతూ ‘అబూ తురాబ్’ అని పిలిచారు. మట్టి మనిషీ అన్నట్టు. అలీకి ఆ పేరంటే చాలా ఇష్టం. ప్రేమగా దులిపిన చెయ్యి పెట్టిన పేరు గనక. ఎగతాళి పేర్లతో పిలవద్దని సూరా హుజురాత్ 11వ ఆయతులో స్పష్టంగా ఉంది.

ఇది ఎందుకెత్తానంటే, తప్పు నాదీ ఉంది. ఫారాలు సర్దుతూ మన ఆఫీసులో మేం వీళ్ళను ‘జకాత్ పిల్లలు’ అంటూ వచ్చాం. ఫైలు మీద కూడా అలాగే రాశాం. పోయినేడు ఒక అమ్మాయి చెక్కు తీసుకోవడానికి స్టేజీ ఎక్కలేదు, వాళ్ళ అమ్మను పంపింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నా. తర్వాత తెలిసింది, ఆ మాట క్లాసు దాకా వెళ్ళిందని. ఆ పేరు పెట్టింది క్లాసులో పిల్లలు కాదు, మేమే.

నిన్న రాత్రి ఫైలు అట్ట మార్చాను. సెక్రటరీ గారూ, కాసేపట్లో మీరు చదవబోయే జాబితాలో పిల్లల పేరు, తండ్రి పేరు, చదువుతున్న క్లాసు మాత్రమే ఉన్నాయి. ఆ అమ్మాయి పేరు మొదట వేశాను. ఇంటర్ సెకండియర్. ఈసారి తనే వచ్చింది, వెనక వరసలో ఉంది. కాస్త గట్టిగా పిలవండి.