మూగజీవుల రక్తపరీక్ష – తొలి పాఠాలు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాజపాళయం అనగానే తెల్లని మేను, గులాబిరంగు ముక్కు గల వేటకుక్క దేశమంతటికీ గుర్తుకు వస్తుంది. 2005లో భారత తపాలా శాఖ నాలుగు స్వదేశీ శునకజాతులపై తపాలా బిళ్ళలు వెలువరించగా, వాటిలో ఇది ఒకటి. అట్టి కుక్క ఒకనాడు కూడు ముట్టక, జ్వరంతో మూలన పడుకొని, చిగుళ్ళు పాలిపోయి కనబడితే కారణమేమిటని ఎవరిని అడగాలి? దానికి నోరు లేదు. దాని రక్తాన్ని అడగాలి.

ఈ ప్రశ్నకు చెన్నపట్నంలో పాత చరిత్ర ఉన్నది. 1910లో ప్యాటన్ అనే శాస్త్రజ్ఞుడు మద్రాసు హంట్ వేటకుక్కల రక్తంలో, పిదప నక్కల రక్తంలో, ఎర్రకణాల లోపల బ్రతికే ఒక సూక్ష్మజీవిని కనుగొని ప్రకటించాడు. నేడు దానిని బబీసియా గిబ్సోని అంటారు. పిడుదుల ద్వారా ఇది వ్యాపిస్తుంది. అంతకు ముప్పది ఏండ్ల మునుపే, 1880లో, గ్రిఫిత్ ఇవాన్స్ గుర్రాల, ఒంటెల రక్తంలో సర్రా వ్యాధిని కలిగించే జీవిని చూశాడు. ఉభయులకూ ఆధారం సూక్ష్మదర్శిని కింది రక్తపు చుక్కయే.

పరీక్ష జంతువు పక్కనే మొదలవుతుంది. సాధారణంగా కుక్కకు ముంగాలి సిర నుండి, ఆవుకు, మేకకు మెడ సిర నుండి రక్తం తీస్తారు. కణాల పరీక్షకు రక్తాన్ని గడ్డకట్టనీయని ఇ.డి.టి.ఎ. గల ఊదామూత గొట్టం కావాలి. సీరం కొరకు ఎర్రమూత గొట్టం. ఊదామూత గొట్టాన్ని గుర్తు వరకు నింపి, ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గట్టిగా కుదిపినా, మంచుగా గడ్డకట్టించినా కణాలు పగిలిపోతాయి. జంతువు గుర్తు, తేదీ, వేళ అక్కడికక్కడే రాయాలి. పేరు తారుమారైతే ఒకదాని రోగానికి మరొకదానికి మందు పడుతుంది.

తరువాత రక్తపు పూత. గాజుపలకపై చిన్న చుక్క ఉంచి, మరొక పలకను సుమారు ముప్పది డిగ్రీల వాలులో దానికి తాకించి, ఆగకుండా ముందుకు నెట్టాలి. పూత చివర ఈక వలె పలుచబడాలి. గాలికి ఆరనిచ్చి, మిథనాల్‌తో స్థిరపరచి, పలుచని జీమ్సా రంగులో సుమారు అరగంట ఉంచి కడిగితే, కణాలు, వాటిలోని జీవులు స్పష్టపడతాయి.

సన్నని గాజు నాళికలో రక్తం తీసి, ఒక కొన మూసి, యంత్రంలో వేగంగా ఐదు నిమిషాలు తిప్పితే ఎర్రకణాల వంతు తెలుస్తుంది. ఆరోగ్యమైన కుక్కకు ఇది సుమారు 37 నుండి 55 శాతం. మేకకు 22 నుండి 38. కాబట్టి 25 శాతం మేకకు ఆరోగ్యమే, కుక్కకు రక్తహీనత. ఏ ప్రాణిని ఆ ప్రాణి కొలతతోనే కొలవాలి.

ఇంత శ్రమ దేనికి? పిడుదుల జ్వరమని లోకం పిలిచేది ఒక్క రోగం కాదు. పెద్ద బబీసియా ఎర్రకణంలో జంటబేరిపండ్ల వలె కనబడుతుంది. గిబ్సోని చిన్న ఉంగరం వలె ఉంటుంది. ఎర్లికియా తెల్లకణాలలో చేరుతుంది. పెద్దదానికి పనిచేసే మందుకు గిబ్సోని సులభంగా లొంగదు. ఊహతో మందు వేసినచో విలువైన దినాలు గడచి, కుక్క ప్రాణం మీదికి రావచ్చును. అట్లని ఒక పూతలో జీవి కనబడనంత మాత్రాన రోగం లేదనరాదు. చెవి అంచు రక్తంతో మరల చూడాలి, అవసరమైతే పి.సి.ఆర్. పరీక్షకు పంపాలి.

ఒక గాజుపలక, ఒక రంగు, ఒక సూక్ష్మదర్శిని – ఇవి పాఠశాల ప్రయోగశాలకూ అందని వస్తువులు కావు. నమూనా తీయడం పశువైద్యుని పని. చూసినది చూసినట్లు రాయడం మాత్రం ఏ బాలుడైనా, బాలికయైనా ఇక్కడే నేర్వదగిన విద్య.