బస్రా నుంచి జాఫ్నా దాకా: జనం మెచ్చని యుద్ధాలు

 యుద్ధాల మీద ఉపన్యాసం అనగానే కురుక్షేత్రమో, రామరావణ యుద్ధమో వినొచ్చని వచ్చిన పెద్దలు కొందరున్నారు. లంక ఇందులోనూ ఉంది. కాకపోతే అది 1987 నాటి లంక.

జనం మెచ్చని యుద్ధం అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది వియత్నాం. వీధుల్లో ఊరేగింపులు, తగలబెట్టిన డ్రాఫ్టు కార్డులు. సముద్రం దాటి మనవాళ్ళు చేసిన యుద్ధాలకు అంతటి ఊరేగింపులు లేవు. అంటే అవి మనకు నచ్చాయనా? కాదు. యుద్ధంలో న్యాయం ఎంత, అన్యాయం ఎంత అన్నదానికన్నా, ఎవరింటి పిల్లవాడు వెళ్ళాడన్నదాన్ని బట్టే నిరసన గొంతు పెరుగుతుందని నా అభిప్రాయం.

మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా మన సిపాయిలూ కూలీలూ ఓడలెక్కారు. అందరికన్నా ఎక్కువమంది వెళ్ళింది మెసపటోమియాకు, అంటే ఇవాళ్టి ఇరాక్‌కు. మద్రాసు సాపర్లలో, అంటే సైనిక ఇంజనీరింగ్ దళంలో, చేరిన తెలుగువాళ్ళూ వెళ్ళారు. సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. 1914 నవంబరులో బస్రా బ్రిటిష్‌వాళ్ళ చేజిక్కింది. పర్షియాలోని అబాదాన్ చమురును కాపాడుకోవడానికి మొదలైన పని కాస్తా బాగ్దాదు మీద ఆశగా పెరిగింది. ఏడాది తిరిగేసరికి బ్రిటిష్ జనరల్ టౌన్షెండ్ సేన కూత్ పట్టణంలో చిక్కుకుంది. తుర్కులు 147 రోజులు ముట్టడించారు. తిండి అయిపోయి గుర్రాలను కోశారు. ఆచారం అడ్డొచ్చి మన సిపాయిల్లో చాలామంది ఆ మాంసం ముట్టక ఎముకలగూళ్ళయ్యారు. 1916 ఏప్రిల్ 29న లొంగిపోయాక ఖైదీలను ఎడారిలో నడిపించారు. దారిలోనూ శిబిరాల్లోనూ వేలమంది రాలిపోయారు. టౌన్షెండ్ దొరగారు మాత్రం ఇస్తాంబుల్ దగ్గరి దీవిలో సుఖంగానే ఉన్నారు. 1917లో విచారణ సంఘం వైద్యం, రవాణా ఏర్పాట్లను తూర్పారబట్టింది. లండన్‌లో ఇండియా వ్యవహారాల మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు.

ఇది రైల్వేవాళ్ళ సభ గనక ఒక మాట. బస్రా నుంచి కూత్ దాకా రైలు లేదు. సరుకైనా, గాయపడ్డ మనిషైనా టైగ్రిస్ నదిలో చాలీచాలని పడవల మీదే కదలాలి. తర్వాత మన దేశం నుంచే పట్టాలు, ఇంజన్లు, వ్యాగన్లు, వాటిని నడిపే మనుషులు బస్రాకు చేరారు. 1918లో సైనికుల ఓడలతో బొంబాయిలో దిగిన ఇన్‌ఫ్లుయెంజా మన రైళ్ళెక్కి దేశం లోపలికొచ్చింది. కోటిమందికి పైగా పోయారు. ఘోరంగా దెబ్బతిన్న రాష్ట్రాల్లో సెంట్రల్ ప్రావిన్సెస్ ఒకటి. మన బిలాస్‌పూర్ అప్పుడు అందులోదే. ఆ ఏడాదే ధరలు మండి మద్రాసు రాజధానిలో జనం ధాన్యం కొట్లను దోచుకున్నారు. సర్కారు దాన్ని అల్లర్ల పద్దులో వేసింది. నేనైతే యుద్ధం పద్దులో వేస్తాను. గాంధీగారంతటివారు ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి సైన్యంలో చేరమంటే జనం మొహం చాటేశారు. అదీ ఓ నిరసనే.

ఇక 1987. జులై 29న కొలంబోలో శ్రీలంక ప్రభుత్వంతో మన దేశం ఒప్పందం. మర్నాటి నుంచే మన శాంతి పరిరక్షణ దళం అక్కడ దిగడం మొదలైంది. ముందు వెళ్ళింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ డివిజన్. రెండున్నర నెలలు తిరక్కుండానే, ఒకప్పుడు మన దేశమే శిక్షణ ఇచ్చిన తమిళ పులులతో (ఎల్‌టీటీఈ) యుద్ధం. అక్టోబరు 12 తెల్లవారుజామున జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ వారు 30 మంది. 29 మంది చనిపోయారు, ఒకడు బందీగా చిక్కాడు. కూత్‌లో లాగే ఇక్కడా పంపినవాళ్ళ లెక్క ఒకటి, నేల మీద ఉన్నది మరొకటి.

1988 జూన్ నుంచి విదేశాంగ మంత్రి మన పి.వి. నరసింహారావుగారు. తర్వాత సేనలను వెనక్కి రప్పించిన నేషనల్ ఫ్రంట్‌కు అధ్యక్షుడు మన ఎన్.టి. రామారావుగారు. అయినా ఈ యుద్ధం గురించి తెలుగు ఇళ్ళలో గట్టిగా చర్చ జరగగా నేను వినలేదు. మన జవాన్లు దాదాపు 1,200 మంది ప్రాణాలు పోయాయి. 1990 మార్చిలో చివరి దళం మద్రాసు రేవుకు చేరితే స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. తమిళుల మీద యుద్ధం చేసిన సేనకు దండ వేయలేననడంలో ఆయన రాజకీయం ఆయనకుంది. కానీ ఆజ్ఞ ఇచ్చింది ఢిల్లీ, అవమానం మోసింది జవాను.

వియత్నాంకు అమెరికా పిల్లలను చట్టం పెట్టి లాక్కెళ్ళారు. అందుకే కాలేజీలు భగ్గుమన్నాయి. 1973లో ఆ నిర్బంధం పోయి జీతానికి చేరేవాళ్ళ సైన్యం వచ్చింది. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ ప్రపంచమంతా వీధికెక్కినా, యుద్ధం సాగిన ఏళ్ళలో వియత్నాం నాటి మంట మళ్ళీ లేవలేదు. మన 11 రూపాయల సిపాయి వెనకా అంతే, కాలేజీ లేదు, పత్రిక లేదు.

2003లోనే ఇరాక్‌కు సేన పంపమని అమెరికా మనల్నీ అడిగింది. ఐక్యరాజ్యసమితి స్పష్టంగా పురమాయిస్తే తప్ప కుదరదని జులై 14న వాజ్‌పేయి ప్రభుత్వం చెప్పేసింది. పార్లమెంటు అప్పటికే ఆ యుద్ధాన్ని తప్పుపట్టింది. జాఫ్నా చేదు ఇంకా నోట్లో ఉండబట్టే ఆ మాట అంత తేలిగ్గా వచ్చిందని నా ఊహ. మన సైన్యం చరిత్రలో గెలిచిన యుద్ధాలతో సమానంగా చెప్పుకోవలసిన నిర్ణయం అది.

వాషింగ్టన్‌లో 1982లో కట్టిన గోడ మీద వియత్నాంలో పోయిన 58 వేలమందికి పైగా పేర్లున్నాయి. బస్రా స్మారకం మీద తెల్లవాళ్ళకు పేర్లు చెక్కారు. మన సాధారణ సిపాయిలకు మాత్రం పటాలం పేరు కింద ఇంతమంది అని అంకె వేశారు. ఆ వివక్షకు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో క్షమాపణ చెప్పింది. కానీ ఆనాటి పతకాల అంచు మీద మనిషి పేరు, నంబరు, దళం కొట్టి ఉంటాయి. సిపాయికి వెండిది, కూలీదళాల వాళ్ళకు కంచుది. వెండి గదా అని కరిగించుకున్న ఇళ్ళూ ఉంటాయి. బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) కాలం నుంచి బిలాస్‌పూర్‌లోనే స్థిరపడ్డ మన కుటుంబాల్లో ఎవరి ట్రంకుపెట్టెలోనైనా అలాంటి బిళ్ళ ఉంటే అంచు తుడిచి చదవండి. జాఫ్నా వెళ్ళొచ్చినవారుంటే వారు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఆ కాగితాలను వచ్చే ఏడాది ఈ సభకు తెస్తే ఉపన్యాసం బదులు వాటినే చదువుకుందాం.