అమ్మ బీడీల లెక్కకు మైఎస్‌క్యూఎల్ కావాల్నా? చిన్న ప్రాజెక్టుల డేటా ఎక్కడ దాచాలె

మొన్న జగిత్యాల బస్టాండుల కోరుట్ల తమ్ముడొకడు కలిసిండు. "అన్నా, మా అమ్మ రోజూ చేసే బీడీల లెక్క పైథాన్‌ల రాస్తున్న, మైఎస్‌క్యూఎల్ నేర్చుకోవాల్నా?" అన్నడు. వద్దు తమ్మీ. మైఎస్‌క్యూఎల్‌కు సర్వర్ నడవాలె, యూజర్, పాస్‌వర్డ్ పెట్టాలె. రోజుకు ఒక్క లైను రాసేదానికి అంత ఎందుకు? సీఎస్‌వీ ఫైలు చాలు. తారీఖు, కామా, ఎన్ని బీడీలు. అంతే.

కానీ ఫైలు ఓపెన్ చేసేటప్పుడు "డబ్ల్యూ" కాదు, "ఏ" పెట్టు. ఎందుకంటే నేను దెబ్బతిన్న.

మాది సిరిసిల్ల. మా బాపు సాంచాలు నడుపుతడు, మీటర్ల మీద కూలి. ఇంటర్‌ల ఉన్నప్పుడు ఆయన మీటర్ల లెక్కకు ఫోన్‌లనే ప్రోగ్రామ్ రాసిన. డేటా మొత్తం ఒక్క జేసన్ ఫైలు. కొత్త ఎంట్రీ వచ్చినప్పుడల్లా ఫైలంతా మళ్లీ రాసేది. "డబ్ల్యూ"తో తెరిస్తే ముందు పాతదంతా తుడిచేస్తది, తర్వాతనే కొత్తది రాస్తది. సరిగ్గా ఆ మధ్యల ఫోన్ ఆఫ్ అయింది. ఫైలు జీరో బైట్లు. లెక్క చూసేరోజు సేటు చెప్పిన మీటర్లు తక్కువ అనిపించినయి, చూపెట్టడానికి మా దగ్గర ఏం లేదు. బాపు నన్ను ఏమనలే. తెల్లారి నోట్‌బుక్కు కొనుక్కొచ్చుకున్నడు, గంతే.

"ఏ" అంటే అపెండ్. పాత లైన్లు ముట్టుకోదు, చివర్ల కలుపుతది. తెలుగు పేర్లు రాసి ఎక్సెల్‌ల తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తయి, ఎన్‌కోడింగ్ "యూటీఎఫ్-8-సిగ్" పెట్టుండ్రి.

జేసన్ చెడ్డదని కాదు. సెట్టింగ్స్ లాంటి చిన్నవాటికి మస్తుగుంటది. పాత లెక్క దిద్దాలె, పది మందివి వెతకాలె అంటే మాత్రం ఎస్‌క్యూలైట్‌కు పోండ్రి. 2000ల రిచర్డ్ హిప్ మొదలుపెట్టిండు, పైసా కట్టేది లేదు. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ల ఇప్పటికే ఉంది, వాట్సాప్ మెసేజ్‌లు కూడా అందులనే ఉంటయి. సర్వర్ లేదు, అంతా ఒక్క ఫైలే. పైథాన్‌తోనే వస్తది. రాస్తుంటే మధ్యల కరెంటు పోయినా ఎంట్రీ పూర్తిగా ఉంటది, లేకుంటే అసలే ఉండదు. సగం ఉండదు. కమిట్ మర్చిపోతే మాత్రం ఏదీ ఉండదు!

ఇప్పుడు బాపు లెక్క దాంట్లనే రాస్తున్న. వారానికోసారి ఆ ఫైలు అక్క ఫోన్‌కు పంపుత. నోట్‌బుక్కు మాత్రం ఆయన ఇంకా ఆపలే.