మాటలాడు వేణువు

ఇగ్బో జాతివారి వేణువును గూర్చియు, అది నేటి ఆఫ్రికా జనప్రియ సంగీతమున ప్రవేశించిన విధమును గూర్చియు మీతో కొంత ముచ్చటింపదలచితిని.

నైజీరియా దేశపు ఆగ్నేయభాగము ఇగ్బోల నివాసభూమి. వారి వేణువు పేరు ఓజా. అది మన పిల్లనగ్రోవివలె వెదురుతో చేసినది కాదు. అడ్డముగా పట్టునదియు కాదు. సుమారు జానెడు కొయ్యను తొలిచి చేసిన ఆ వాద్యమును నిలువుగా పట్టి, పైయంచున నున్న గంటుపై ఊదుదురు. ప్రక్కల రెండు రంధ్రములు, అడుగున నొకటి, సాధారణముగా అంతియే. ఇంత చిన్నదానిలో రాగవిస్తారమునకు తావెక్కడిదని మీరడుగవచ్చును. దాని ప్రధానకార్యము రాగాలాపనము కాదు, మాటలాడుట.

ఇగ్బో భాషయందు స్వరము మారినచో అర్థము మారును. ‘అక్వా’ అను పదమును తీసికొనుడు. రెండక్షరములను హెచ్చుస్వరమున పలికిన ఏడుపు. మొదటిది హెచ్చు, రెండవది తగ్గు అయినచో వస్త్రము. మొదటిది తగ్గు, రెండవది హెచ్చు అయినచో గ్రుడ్డు. రెండును తగ్గినచో మంచము. తెనుగున మాటనే శ్రుతిలో పలికినను మాట మాటయే. ఇగ్బోలకట్లు కాదు. కనుకనే వాదకుడు మాటలలోని హెచ్చుతగ్గుల ననుసరించి ఊదగా, వినువారు పరిచితములైన పేర్లను, బిరుదులను, సామెతలను గుర్తింతురు. కుస్తీపోటీలో ఓజా మల్లుని పేరెత్తి పిలుచును. ఉత్సవమున ముసుగువేషధారిని పొగడి ఆటకు పురికొల్పును. చినువా అచెబె 1958లో ప్రకటించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలలో ఉనోకా అప్పులలో మునిగినవాడు. అయినను ప్రాణావసానమున అడవికి కొనిపోబడునపుడు తన వేణువును వెంట గొనిపోయెను.

ఇట్టి వాద్యమును 2023లో కేసీ అను నైజీరియా గాయకుడు ‘ఓజాపియానో’ అను పాటలో అమాపియానోతో జోడించెను. అమాపియానో దక్షిణాఫ్రికా పట్టణవాడలలో పుట్టిన నృత్యసంగీతము; యంత్రముపై కల్పించిన గంభీరమైన మద్దెలమ్రోత దానికి ప్రాణము. పేరులోనే రెండును కలిసినవి.

ఇది సంకరమని కొందరు పెద్దలు నొసలు చిట్లింపవచ్చును. నేనట్లు తలపను. పూర్వము హైలైఫ్ సంగీతమున గిటారును, బాకాను ఇగ్బోలు తమవిగా చేసికొనిరి. స్టీఫెన్ ఒసితా ఒసాదెబె 1984లో వెలువరించిన ‘ఒసొండి ఒవెండి’ నేటికిని ప్రసిద్ధము. అచట వాద్యములు పరదేశపువైనను పాట ఇగ్బోలో పలికెను. నేడు వాద్యము స్వదేశపుది, తాళము పొరుగుది. పలుకు నిలుచునా యన్నదే ప్రశ్న.

ముద్రణశాలలో ఓజా ధ్వనిని చిన్న తునకగా కోసి, పాట పొడవున మరల మరల వినిపించుట సులభము. చెవికది ఇంపుగనే యుండును. కాని ఓజా ఎదుటనున్న మనుష్యుని పిలుచు వాద్యము. పిలుపును కోసి అతికించినచో అది యెవరిని పిలుచును? ఆ తునకను మాత్రమే వినుచు పెరిగిన బాలుడు దానిని అలంకారమనుకొనును, పేరని యెరుగడు. వాద్యము బ్రతికియుండగనే దాని భాష మరుగున పడుటకు ఇంతకన్న దగ్గరి దారి లేదు.

కావున నా మనవి యొక్కటియే. ఓజా వాదకుని వేదికపైకి రప్పింపుడు. అతడూదునపుడు మద్దెల కొంచెము తగ్గి త్రోవ నీయవలెను. నర్తకుడు తన పేరు విని తిరిగి చూచినచో ఆ కలయిక సఫలమైనట్లే.